ఉడుకు చూసే చేయి

మంజీర పొంగి మా కల్లం దాకా నీళ్లొచ్చిన ఏడు అది. చేన్లో సగం పసుపు కుళ్లిపోయింది. మిగిలిన సగాన్ని తవ్వి ఉడకబెడుతుండగా, ఐదో రోజు మధ్యాహ్నం, నా బిడ్డ గోదావరి కడాయి పక్కనే కూలబడింది.

కూలబడ్డప్పుడు కూడా చేతిలో చీపురుపుల్ల ఉంది.

"లేవే," అన్నది నా భార్య హన్మవ్వ. "కడాయి పొంగుతున్నది. నీ నకరాలకు గిదే టైము దొరికిందా?"

గోదావరి లేవలేదు. పక్కకు తిరిగి పచ్చటి నీళ్లు కక్కింది.

ఎడమ దవడ ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది. దవడ మీద పసుపు, సున్నం కలిపి పూసిన పూత ఉంది. ఆ రెండూ కలిస్తే ఎర్రబడతాయి. ఎర్రగా ఎండి, పగిలి, పెచ్చులు లేచింది.

"పంటినొప్పికి ఎవలన్న సస్తరా అత్తా?" అన్నది కోడలు శైలజ, కొంగుతో పొగ విసురుకుంటూ. "నేను మొన్నటిసంది సూస్తున్న. పని ఎక్కువైన దినమే వదినెకు పన్ను గుంజుతది."

"ఒక తీరుగ మంచిదే," అన్నది హన్మవ్వ. "నోరు తెర్వరాకుంటయింది. ఇల్లు సల్లవడ్డది."

శైలజ నవ్వింది. పసుపు ఎండబోస్తున్న కూలీలు కూడా నవ్వారు. నేను పొయ్యిలో కట్టె సర్దాను.

గోదావరి మా ఇంట్లో ఉండబట్టి పన్నెండేళ్లు. చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర పోయిన మొగుడు అక్కడే ఇంకొక సంసారం పెట్టుకున్నాడు. ఆమె ఒక్క ట్రంకు పెట్టెతో వచ్చింది. ఆ పెట్టె ఇప్పటికీ కొట్టంలోనే ఉంది. ఇంట్లోకి తెచ్చుకొమ్మని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

ఊళ్లో అందరూ ఆవిరి డ్రమ్ములకు మారారు. మాది ఇంకా పాత ఇనుప కడాయే. కడాయిలో పసుపు ఉడకబెట్టడం అందరికీ వస్తుంది. ఎప్పుడు దించాలో తెలియడమే కష్టం. ముందు దించితే కొమ్ము లోపల రాయిలా ఉండిపోతుంది. ఆలస్యమైతే రంగు పోతుంది. గోదావరి ఒక కొమ్ము తీసి, పుల్ల గుచ్చి, కళ్లు మూసుకుని, "దించుండ్రి" అనేది. పన్నెండేళ్లలో ఒక్క కడాయి చెడలేదు. ఆ పుల్ల ఇంకెవరి చేతిలోనూ పలకలేదు.

కొడుకు పరమేశ్వర్ వచ్చాడు. అక్కను చూడలేదు. కడాయిని చూశాడు. ఒక కొమ్ము తీసి, తానే పుల్ల గుచ్చి, అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి ఆమె ముందు కూర్చున్నాడు.

"అక్కా, ఇగ సూడు. ఉడికిందా లేదా? తలకాయ ఊపు, సాలు."

గోదావరి కళ్లు తెరిచింది. కొమ్మును చూసింది. దాన్ని చూసినట్టే వాణ్ని కూడా చూసింది. మళ్లీ కళ్లు మూసుకుంది.

"అక్కా!"

"ఉడకలే," అన్నది శైలజ.

"ఉడికింది," అన్నది హన్మవ్వ.

పరమేశ్వర్ కొమ్మును నేలకేసి కొట్టాడు. "ఇంక రెండు కడాయిలున్నయి. రేపు పొద్దుగాల నవీపేటోళ్లు వస్తరు. పని గిట్ల నడిమిట్ల ఉంటే ఎట్ల? దవాఖానకు తీస్కపోయి సూది ఏపిస్త. మాపటికల్ల లేస్తది."

అలా ఆసుపత్రికి పోవడం ఖాయమైంది. ఆమె కోసం కాదు, కడాయి కోసం.

రేపు పరమేశ్వర్ బిడ్డ సుష్మకు పూలు పండ్లు. నవీపేట నుంచి అబ్బాయి తరపువాళ్లు పది గంటలకు వచ్చి, పిల్లకు పూలు పెట్టి, సంబంధం ఖాయం చేసుకుంటారు.

"బోధన్ దగ్గరైతది," అన్నాను. ఆ రోజు నేనన్న మొదటి మాట అది.

"బోధన్‌ల పిలగాని మేనమామ దుకాణం ఉన్నది బాపు," అన్నాడు పరమేశ్వర్. "పిల్ల మేనత్త దవాఖానల వడ్డదని ఇయ్యాలనే తెలువాల్నా? నిజామాబాద్ పోదాం."

*

నిజామాబాద్ చేరేసరికి మూడున్నర దాటింది. ఆసుపత్రిలో అత్యవసర విభాగం అంటే ఒక పొడుగు గది. తెరల మధ్య మంచాలు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్నది, ముప్పై కూడా ఉండవు. కోటు మీద అంకిత అని పేరు కుట్టి ఉంది, తరువాత కూడబలుక్కుని చదివాను.

"ఎన్ని రోజుల నుంచి?"

"మొన్నటిసంది," అన్నది హన్మవ్వ.

"ఐదు దినాలు," అన్నాను.

హన్మవ్వ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

డాక్టరమ్మ గోదావరి దవడను ముట్టలేదు. ముందు పూతను చూసింది. "ఇదేంటి?"

"పసుపు సున్నమమ్మా. వాపుకు మంచిది."

"మంచిదో కాదో తరువాత. ఈ ఎరుపు వాపుదో పూతదో నాకెట్ల తెలియాలి?"

నర్సు తడి దూదితో పూత అంతా తుడిచింది. పెచ్చులు ఊడాయి. కింద చర్మం బిగిసి, నిగనిగలాడుతూ, పూతకంటే ఎర్రగా ఉంది. ఐదు రోజులుగా ఆ ఎరుపు మా కళ్ల ముందే ఉంది. మేము దాన్ని సున్నం అనుకున్నాం.

డాక్టరమ్మ నోరు తెరవమంది. ఒకటిన్నర వేలు పట్టేంత తెరుచుకుంది. లైటు వేసి చూసింది. నాలుక కింద వేలు పెట్టి ఒత్తింది. "ఉమ్మి మింగగలుగుతున్నావా? ఊపిరి ఆడుతున్నదా? పడుకుంటే గొంతు పట్టినట్టు ఉన్నదా?" గోదావరి ఒక్కొక్కదానికి తల ఊపింది.

"నాలుక కింద మెత్తగనే ఉంది. గొంతుకు పాకలేదు. అదృష్టవంతురాలు," అన్నది డాక్టరమ్మ. చిన్న ఇనుప కడ్డీతో పళ్లను ఒక్కొక్కటే తట్టింది. చివరి నుంచి రెండోదాని దగ్గర గోదావరి మంచం మీది నుంచి లేచినంత పని చేసింది.

"అక్క మస్తు ఓర్సుకుంటది మేడం," అన్నాడు పరమేశ్వర్, పక్క మంచం వాళ్లకు కూడా వినబడేలా. "గీ నకరాలే జెర ఎక్కువ."

డాక్టరమ్మ వాడి వైపు చూడకుండానే, "మీరు బయట నిలబడండి," అన్నది.

వాడు గడప దాటి అక్కడే నిలబడ్డాడు.

దవడ లోపల సూది వేశారు. ఐదు నిమిషాలు ఆగమన్నారు. ఆ ఐదు నిమిషాలు నేను గోదావరి ముఖం చూస్తూ నిలబడ్డాను. నుదుటి మీది ముడత విడిపోయింది. బిగించిన పిడికిలి తెరుచుకుంది. కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి.

"నొప్పి ఉందా అమ్మా?" అడిగింది డాక్టరమ్మ.

లేదని తల ఊపింది. నొప్పి పోయినందుకు ఏడుస్తోంది. మేము ఐదు రోజులు కడాయి ముందు కూర్చోబెట్టిన నొప్పి, ఐదు నిమిషాల్లో పోయింది.

చిగురు కోసి చీము తీశారు. గిన్నె నిండింది. వాసనకు హన్మవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నోట్లో దూది ఉండ పెట్టి, కరిచి పట్టమన్నారు. సెలైన్ ఎక్కించారు.

"మాపటికల్ల ఇంటికి పోవచ్చా అమ్మా?" అన్నది హన్మవ్వ. "రేపు ఇంట్ల శుభకార్యమున్నది."

డాక్టరమ్మ గోదావరి ఒంటిని చూస్తోంది. చేతులు, మెడ, పాదాలు.

"ఈమె ఇంత పచ్చగా ఎందుకుంది?"

హన్మవ్వ నవ్వింది. "పసుపు పని కాదమ్మా. మా చేతులు సూడు. మా ఊరు మొత్తం గిట్లనే ఉంటది ఈ దినాలల్ల. పిల్లలు గూడ పచ్చగనే ఉంటరు." తన చేతులు చాపింది. నా చేతులు కూడా పట్టుకుని చూపించింది. నిజమే, పచ్చగానే ఉన్నాయి.

డాక్టరమ్మ దూది తీసుకుని గోదావరి నుదురు తుడిచింది. దూది పచ్చబడింది. ఇంకొకటి తీసి తుడిచింది. అది కొంచెమే పచ్చబడింది. మూడోది తెల్లగానే వచ్చింది. నుదురు మాత్రం ఇంకా పచ్చగానే ఉంది.

వాపు లేని కంటి రెప్ప పైకెత్తింది.

"పసుపు చర్మానికి అంటుతుంది అవ్వా," అన్నది మెల్లగా. "కంటి లోపలికి పోదు."

నేను వంగి చూశాను. కంటి తెల్లగుడ్డు పసుపు కొమ్ము విరిచినట్టు ఉంది.

*

"నొప్పికి ఏం గోలీలు వేసుకుంది?"

హన్మవ్వ తలుపు వైపు చూసింది. పరమేశ్వర్ లోపలికి వచ్చాడు.

"మామూలు గోలీలే మేడం. రెండు."

"రోజుకు రెండా?"

"మొత్తమ్మీద రెండు."

"ఐదు రోజుల్లో రెండు?" డాక్టరమ్మ చేతిలో కలం ఆగింది. "చూడండి. తినీ తినక, నొప్పి గోలీలు లెక్క లేకుండా మింగితే కాలేయం దెబ్బతింటుంది. నొప్పికి ఒక పేరుతో, జ్వరానికి ఒక పేరుతో, జలుబుకు ఒక పేరుతో అమ్ముతారు. పేర్లు మూడు, లోపల మందు ఒకటే. మూడూ కలిపి వేసుకుంటే ఇట్లనే అవుతుంది. కామెర్లకు వేరే కారణాలు కూడా ఉంటాయి. రక్తం పంపిస్తున్నాను. కానీ గోలీల వల్లనైతే దానికి విరుగుడు ఉంది. ఎంత తొందరగా ఎక్కిస్తే అంత మంచిది. అందుకే అడుగుతున్నాను. ఎన్ని?"

"రెండే," అన్నాడు పరమేశ్వర్.

"అమ్మా, నువ్వు చెప్పు. ఎన్ని వేసుకున్నావు?"

గోదావరి పెదవులు కదిలించింది. నోట్లో దూది, సగం నాలుక మొద్దుబారి ఉంది. గొంతులో ఏదో శబ్దం వచ్చింది, మాట రాలేదు.

"మాట్లాడకు. వేళ్లతో చూపించు. రోజుకు ఎన్ని?"

గోదావరి కుడి చేయి దుప్పటి మీది నుంచి లేచింది. వేళ్లు విచ్చుకోబోయాయి.

హన్మవ్వ ఆ చేతిని రెండు చేతులతో అందుకుంది. "అయ్యో నా బిడ్డా," అన్నది. "అయ్యో నా తల్లీ, ఎంత గోసైతున్నదే నీకు." చేతిని గుండెకు అదుముకుంది. చూసేవాళ్లకు అది తల్లి ప్రేమ. పక్క మంచం మనిషి కూడా కళ్లు తుడుచుకుంది.

నేను వెనక నిలబడి ఉన్నాను కనుక నాకు కనబడింది. హన్మవ్వ బొటనవేళ్లు గోదావరి వేళ్లను లోపలికి మడిచి, మీద నుంచి నొక్కి పట్టాయి. గోదావరి మణికట్టు నరం బిగిసింది. వేళ్లు తెరుచుకోవడానికి గుంజుకుంటున్నాయి. హన్మవ్వ ఇంకా గట్టిగా నొక్కింది. "ఊకో బిడ్డా, ఊకో."

గోదావరి తల నా వైపు తిరిగింది.

డాక్టరమ్మ కూడా నా వైపు తిరిగింది. "తాతా, మీరు ఈమె తండ్రి కదా. ఐదు రోజులని మీరే నిజం చెప్పారు. ఇది కూడా చెప్పండి. ఎన్ని గోలీలు?"

నాకు తెలుసు. కోటగిరిలో భోజన్న మందుల దుకాణానికి నేనే పోయాను, మూడుసార్లు. మొదటిసారి నొప్పి గోలీలు. రెండోసారి పెద్ద తెల్ల గోలీలు. మూడోసారి రెండూ, పొగకు ముక్కు కారుతోందని జలుబు గోలీలు కూడా. "పొద్దుగాల ఒక్కటి, మాపటికొక్కటి ఆశన్నా," అన్నాడు భోజన్న. నేను ఆ మాట ఇంటిదాకా మోసుకొచ్చి ఆమెకు చెప్పలేదు. షీట్లు చేతిలో పెట్టాను. "బాపు, ఇంకొక షీటు తే," అంటే తెచ్చాను. అడిగింది తెచ్చివ్వడం తప్ప బిడ్డతో మాట్లాడే పద్ధతి నాకు రాదు.

పరమేశ్వర్ నా భుజం మీద చేయి వేశాడు. బరువుగా వేశాడు.

"నాకు తెల్వదమ్మా," అన్నాను.

గోదావరి నా మీది నుంచి కళ్లు తిప్పుకుని, పైకప్పును చూసింది. చేయి గుంజుకోవడం ఆపేసింది. హన్మవ్వ అయినా వదల్లేదు.

గోడ మీద గడియారంలో నాలుగు దాటింది.

*

వరండాలో పరమేశ్వర్ గొంతు తగ్గించి మాట్లాడాడు.

"మంచి పని చేసినవ్ బాపు. గోలీలు లెక్కకు మించి మింగిందంటే పోలీసు కేసు రాస్తరు. మందు మింగిన కేసే అంటరు. నవీపేటోళ్లకు తెలిస్తే ఏమంటరు? ఆ ఇంట్ల ఆడిమనిషి మందు మింగిందట, ఏం బాధ పెట్టిండ్రో, అంటరు. సుష్మ గతేంది?"

"దానికి విరుగుడున్నదట," అన్నాను.

"రక్తం పంపిండ్రు గద. అండ్ల ఎట్లయినా తెలుస్తది. మనం సెప్తనే తెలుస్తదా? వాళ్లు డాక్టర్లు."

"తొందరగ ఎక్కియ్యాలన్నది."

"ఒక్క రాత్రే బాపు. రేపు పన్నెండు గంటలు దాటనియ్యి. పూలు పెట్టి పోనియ్యి వాళ్లను. అప్పుడు నేనే వచ్చి సెప్త."

హన్మవ్వ బయటకు వచ్చింది. కొంగుతో అరచేతులు తుడుచుకుంది.

"నేనుంట దీని దగ్గర. మీరు పోండ్రి," అన్నది. "నువ్వు గట్ల చూడకు పరమేశు బాపు. నాకు మాత్రం బిడ్డ కాదా? కానీ దాని బతుకు ఎట్లనో గట్ల అయిపోయింది. సుష్మది ఇంక మొదలు గూడ కాలే."

నాతో నలభై ఐదేళ్లు కాపురం చేసిన మనిషి. నేను ఎదురు చెప్పనని ఆమెకు తెలుసు. నేను పోయి బండి ఎక్కాను.

బండి బోధన్ దాటింది. చెరుకు ట్రాక్టర్లు దారికి అడ్డం పడ్డాయి. పరమేశ్వర్ హారన్ కొడుతూ అన్నాడు.

"ఆ షీట్లు యాడున్నయి?"

"కొట్టంల ఉంటయి."

"పొయ్యిల వెయ్యి. ఇంక పొద్దున్నది, ఎవలన్న చూస్తరు. జెర పైలం."

ఇంటికి చేరేసరికి ఎండ వాలింది. ఆ మధ్యాహ్నం దించిన కడాయి కల్లంలో ఆరబోసి ఉంది. ఒక కొమ్ము విరిచి చూశాను. లోపల రాయిలా ఉంది. శైలజ గెలిచింది.

కొట్టంలో ట్రంకు పెట్టె తెరిచాను. రెండు చీరలు, ఒక దువ్వెన, చీపురుపుల్లల కట్ట. ఆ కట్టకు పక్కన షీట్లు. ఖాళీ అయినవాటిని పారేయకుండా, ఒకదాని మీద ఒకటి పేర్చి, దారంతో కట్టి పెట్టింది. ఎందుకు కట్టి పెట్టిందో తెలియదు. ఎవరన్నా ఒకరోజు అడుగుతారనుకుందేమో.

మూడో తరగతి దాకా చదివాను. లెక్క వస్తుంది. చిరిగిన గుంతలు ఒక్కొక్కటే వేలితో తడుముతూ లెక్కపెట్టాను. యాభై ఆరు. నాలుగు గోలీలు మిగిలి ఉన్నాయి.

"తాతా, అత్త ఎట్లున్నది?"

సుష్మ గుమ్మంలో నిలబడి ఉంది. రెండు చేతులకూ గోరింటాకు. ఏదీ ముట్టకూడదని చేతులు గాల్లో పట్టుకుంది.

"మంచిగున్నది," అన్నాను.

"రేపటికి వస్తదా?"

నేను షీట్లను పెట్టెలో చీరల కిందకు తోశాను.

"మొన్ననే దవాఖానకు పోదామత్తా, నేను తీస్కపోత, అన్న తాతా. రానన్నది. పసుపు ఒడవనియ్యి, నీ పూలు పండ్లు కానియ్యి, గప్పటిదాక గోలీలతోని ఓర్సుకుంట, అన్నది. ఇప్పుడు నేను రంగు పెట్టుకొని కూసున్న, ఆమె ఆడ ఉన్నది." సుష్మ కన్ను తుడుచుకోవడానికి చేయి ఎత్తి, గోరింటాకు గుర్తొచ్చి, ఆగిపోయింది. నీళ్లు అలాగే కారనిచ్చింది.

"పోయి కూసో. సెదిరిపోతది," అన్నాను.

ఆమె పోయాక పొయ్యి దగ్గరకు పోయాను. నిప్పులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. షీట్లు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. పరమేశ్వర్ వాకిట్లో షామియానా కట్టేవాళ్లతో మాట్లాడుతూ, అక్కడి నుంచే నన్ను చూశాడు. నేను ఒక చిన్న కట్టె నిప్పుల్లో వేశాను. మంట లేచింది. వాడు తృప్తిగా అటు తిరిగాడు.

షీట్లను రుమాలలో చుట్టి తలకు కట్టుకున్నాను.

*

తెల్లవారి, తమలపాకులు తెస్తానని చెప్పి బయలుదేరాను. శైలజ వాకిట్లో ముగ్గు వేస్తోంది. "తొందరగ రా మామా, పెద్దమనిషివి నువ్వు లేకుంటే ఎట్ల?" అన్నది. తల ఊపి, కోటగిరి పోయి, మొదటి బస్సు ఎక్కాను.

ఆసుపత్రికి చేరేసరికి ఏడున్నర. గోదావరి అదే మంచం మీద ఉంది. దవడ వాపు సగం తగ్గింది. కళ్లు మాత్రం నిన్నటికంటే పచ్చగా ఉన్నాయి. హన్మవ్వ స్టూలు మీద కూర్చుని, తల మంచం అంచుకు ఆనించి నిద్రపోతోంది. నిద్రలో కూడా గోదావరి చేయి ఆమె చేతిలోనే ఉంది.

"బిడ్డా," అన్నాను.

గోదావరి నన్ను చూసింది. గుర్తుపట్టినట్టు లేదు. "కడాయి దించుండ్రి," అన్నది. నాలుక మడతపడింది.

డాక్టరమ్మ బల్ల దగ్గర కాగితాలు చూస్తోంది. పోయి నిలబడ్డాను. రుమాలు విప్పాను. షీట్లు బల్ల మీద పెట్టాను.

ఆమె వాటిని చూసింది. ఒక్కొక్కటే తిప్పి వెనక అక్షరాలు చదివింది.

"యాభై ఆరు," అన్నాను. "నాలుగున్నర దినాలల్ల. ఆఖరివి నిన్న పొద్దుగాల నాలుగు. తిండి తినలే. నమలరాలే. గంజి తాగింది."

"నిన్న నాలుగింటికి అడిగాను కదా తాతా."

"అడిగినవమ్మా."

"తెలియదన్నారు."

"తెల్సు."

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. లేచి నర్సును పిలిచి ఏదో మందు పేరు చెప్పింది. నర్సు పరుగెత్తింది. "రాత్రి రిపోర్టు చూసి నాకు అనుమానం వచ్చింది. మీ బిడ్డ అప్పటికే పొంతన లేకుండా మాట్లాడుతోంది, అందుకే మీ ఆమెను మళ్లీ అడిగాను. రెండే అని ఒట్టు పెట్టింది. మీ అబ్బాయికి ఫోన్ చేశాను. పసరు మందు పోయిస్తాం, కామెర్లే కదా, అన్నాడు." కలం మూత పెట్టింది. "ఇప్పుడు ఎక్కిస్తాం. ఎంత పని చేస్తుందో నేను చెప్పలేను. హైదరాబాద్ పంపాల్సి రావచ్చు. ఇది పోలీసులకు కూడా తెలియజేయాలి. మీకు అర్థమైందా?"

"అయింది."

హన్మవ్వ లేచి వచ్చింది. బల్ల మీద షీట్లు చూసింది. నన్ను చూసింది.

"ఏం చేసినవ్?" అన్నది. "ఇయ్యాల ఏం దినమో యాదున్నదా నీకు? ఆ పిల్ల మొకం ఎట్ల చూస్తవ్?"

నా జేబులో ఫోన్ మోగింది. పరమేశ్వర్. ఆగి, మళ్లీ మోగింది. నేను తీయలేదు.

ఆసుపత్రి పోలీసు ఔట్‌పోస్టులో ఉన్న కానిస్టేబుల్ ఒక రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. అప్పుడే టీ తాగినట్టున్నాడు, మీసాలు తడిగా ఉన్నాయి. ఊరు, పేరు రాసుకున్నాడు.

"గోలీలు ఎవలు తెచ్చిచ్చిండ్రు?"

"నేనే."

"సావాల్నని మింగిందా, నొప్పికి మింగిందా?"

హన్మవ్వ నా ముందు నిలబడి, వద్దని తల ఊపుతోంది. గోదావరి మంచం చుట్టూ తెర లాగారు. తెర కింద నుంచి నర్సుల చెప్పులు మాత్రం కనబడుతున్నాయి.

"నొప్పికి," అన్నాను.

"ఎన్ని దినాల నొప్పి?"

"ఐదు."

"ఐదు దినాలు దవాఖానకు ఎందుకు తీస్కరాలే?"

ఫోన్ మళ్లీ మోగింది. మోగి మోగి ఆగిపోయింది.

"పసుపు ఉడుకుతున్నది," అన్నాను.

కానిస్టేబుల్ కలం ఆపి నా ముఖంలోకి చూశాడు. "గది రాయాల్నా తాతా?"

"రాయి," అన్నాను. "ఉడుకు చూసేది అదొక్కతే. అందుకే తీస్కరాలే. నా పేరు మీద రాయి."

హన్మవ్వ నేల మీద కూలబడింది. కానిస్టేబుల్ రాశాడు. రిజిస్టరు నా ముందు పెట్టి, సంతకం చేసే చోటు వేలితో చూపించాడు. ఆ, శ, న్న. మూడక్షరాలు రాశాను.

తెర పక్కకు జరిగింది. నర్సు తల బయట పెట్టింది.

"గోదావరి మనుషులు ఎవరు? తొందరగా రండి."

హన్మవ్వ కదల్లేదు. నేను లేచాను.